హస్కీ పేపర్స్: చిప్ నంబరు, తేదీ చూడకుండా నమ్మొద్దు

హస్కీ పిల్ల కోసం వెతికేవాళ్ళు మొదట అడిగేది "పేపర్స్ ఉన్నాయా?" అని. ఉన్నాయనగానే సగం బెంగ తీరిపోతుంది. నిజానికి అసలు పరిశీలన అక్కడే మొదలవ్వాలి. పెడిగ్రీ సర్టిఫికెట్ చెప్పే సంగతి ఒక్కటే: ఈ పిల్ల తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాటి తాతముత్తాతలు ఎవరు అని. దాని కళ్ళు బాగున్నాయా, తుంటి కీళ్ళు సరిగ్గా కూర్చున్నాయా, తల్లిని ఎన్ని ఈతలు ఈనించారు అన్నవి ఆ కాగితం మీద సాధారణంగా ఉండవు. వాటికి వేరే కాగితాలుంటాయి. ఆ రెండు రకాల కాగితాలూ ఒకే కుక్కవని రుజువు చేసేది మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్) నంబరు. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడితేనే "పేపర్స్ ఉన్నాయి" అన్న మాటకి విలువ.

రిజిస్ట్రేషన్ నియమాలు ఎంత కనీస స్థాయివో చూడండి. కుక్కల వంశాలను నమోదు చేసే రిజిస్ట్రీ అయిన అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఒక ఈతను నమోదు చెయ్యడానికి, జతకట్టిన నాటికి ఆడకుక్కకి 8 నెలలు, మగకుక్కకి 7 నెలలు నిండి ఉండి, రెండూ 12 ఏళ్ళు దాటకుండా ఉంటే వయసు పరంగా సరిపోతుంది. 8 నెలల ఆడకుక్క అంటే ఇంకా ఎదుగుతున్న పిల్ల. దాని తుంటికి తుది గ్రేడ్ రాదు, కంటి జబ్బులు బయటపడే వయసూ దాటదు. అయినా ఆ ఈతకి పేపర్స్ వస్తాయి. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ ఇంకాస్త గట్టిగా ఉంటుంది: మామూలుగా ఏడాది లోపు ఆడకుక్క ఈతను గానీ, అయిదో ఈతను గానీ, రెండు సిజేరియన్లు అయ్యాక వచ్చిన ఈతను గానీ నమోదు చెయ్యదు. తండ్రీకూతుళ్ళని, తల్లీకొడుకులని, తోడబుట్టినవాటిని జతకట్టిస్తే వచ్చిన పిల్లలనూ తీసుకోదు. ఇవన్నీ దాటకూడని హద్దులే తప్ప మంచి బ్రీడింగ్‌కి కొలమానాలు కావు.

నమోదు ఎక్కడ తెగిపోతుందో తెలియాలంటే అది నడిచే వరస తెలియాలి. తల్లీ తండ్రీ రెండూ సైబీరియన్ హస్కీగానే నమోదై ఉండాలి. వేర్వేరు రిజిస్ట్రీలవైతే ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తించేవై ఉండాలి. జతకట్టిన తేదీలు రాసిపెట్టుకుని, మగకుక్క యజమాని సంతకం తీసుకోవాలి. ఈనాక ఎన్ని మగ, ఎన్ని ఆడ అన్నది లెక్క రాసి, రిజిస్ట్రీ పెట్టిన గడువులోగా ఈతను నమోదు చెయ్యాలి. తర్వాత పిల్లలకి చిప్ వేసి, ఒక్కోదాన్ని దాని పేరుతో నమోదు చెయ్యాలి. అమ్మినప్పుడు యాజమాన్యం బదిలీ అవ్వాలి. ఎఫ్‌సీఐ (దేశదేశాల కెన్నెల్ క్లబ్బుల సమాఖ్య) పరిధిలో బ్రీడర్‌కి కెన్నెల్ పేరు ఉంటే ఆ పేరు పిల్లలందరి పేరుకీ ఇంటిపేరులా అంటుకుంటుంది, మరొకరు వాడుకోవడానికి వీల్లేదు.

"పేపర్స్ తర్వాత పంపిస్తాం" అన్న మాట వినబడితే ఈ వరసలో ఏదో ముడి ఊడిందని అనుమానించాలి. తల్లి ఇంకా పాత యజమాని పేరు మీదే ఉండొచ్చు. మగకుక్క యజమాని సంతకం పెట్టకపోయి ఉండొచ్చు. గడువు దాటిపోయి ఉండొచ్చు. మామూలుగా జరిగే పొరపాటు ఇంకొకటుంది: ఒకేలాంటి నలుపు తెలుపు పిల్లలు ఆరు ఉంటే, ఒకదాని చిప్ స్టిక్కరు ఇంకోదాని ఫారం మీద అతుక్కుపోతుంది. అప్పుడు కాగితం అసలుదే, కుక్కే వేరు. అందుకే స్కానర్ తెప్పించి చూడాలి. మెడకి, భుజాల మధ్య భాగానికి ఆనించి మెల్లగా అటూ ఇటూ తిప్పితే 15 అంకెల నంబరు తెరమీద పడుతుంది. అక్కడ దొరక్కపోతే భుజాలు, ముందుకాళ్ళ వరకూ వెతకాలి, ఎందుకంటే చిప్ కొన్నిసార్లు కిందికి జారుతుంది. కాగితం మీది నంబరుతో అంకె అంకె పోల్చాలి. మొదటి కొన్ని అంకెలు కలిశాయని సరేననుకోవద్దు. ఒకే పెట్టెలోంచి వచ్చిన చిప్‌ల నంబర్లు వరసగా, దాదాపు ఒకేలా ఉంటాయి.

డీఎన్‌ఏ ప్రొఫైల్ అన్న మాట కూడా చాలామందిని తికమక పెడుతుంది. రిజిస్ట్రీలు అడిగే డీఎన్‌ఏ ప్రొఫైల్ తల్లిదండ్రులు ఫలానావేనని తేల్చడానికి మాత్రమే. అందులో ఏ జబ్బు సంగతీ ఉండదు. "డీఎన్‌ఏ టెస్టెడ్" అని ఎవరైనా అంటే, దేనికి చేయించారని వెంటనే అడగండి.

ఇంకో మాట. పెడిగ్రీలో "సైబీరియన్ హస్కీ" అన్న రెండు పదాలూ ఉండాలి. అలాస్కన్ హస్కీ అనేది మంచుబండి లాగడానికి పెంచిన రకమే గానీ కెన్నెల్ క్లబ్బులు గుర్తించిన జాతి కాదు. మాలమ్యూట్ వేరే జాతి. అమెరికన్ ప్రమాణం ప్రకారం మగ హస్కీ ఎత్తు 21 నుంచి 23.5 అంగుళాలు, బరువు 45 నుంచి 60 పౌండ్లు, అంటే దాదాపు 20 నుంచి 27 కిలోలు. ఆడది 20 నుంచి 22 అంగుళాలు, దాదాపు 16 నుంచి 23 కిలోలు. ఎత్తు ఈ పైహద్దు దాటితే ప్రదర్శనలో అనర్హతే. "బాగా పెద్ద బోన్, 35 కిలోలు" అని గొప్పగా చెప్పే కుక్క ఈ జాతి పనికే దూరం. ఈశాన్య సైబీరియాలోని చుక్చీ జనం ఈ కుక్కను పెంచింది తేలికైన బరువును, మధ్యస్థ వేగంతో, చాలా దూరం లాగడానికి. పెద్ద ఒళ్ళు ఆ పనికి అడ్డం.

చుక్చీల దగ్గర్నుంచి ఈ కుక్కలు అలాస్కాలోని నోమ్ పట్టణానికి చేరింది 1908 ప్రాంతంలో. 1925లో అదే నోమ్‌కి డిఫ్తీరియా మందు మోసుకెళ్ళిన బండ్లతో వీటి పేరు మోగింది. 1930లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ గుర్తింపు వచ్చింది. సైబీరియా నుంచి కొత్త కుక్కలు రావడం కూడా దాదాపు ఆ సమయానికే ఆగిపోయింది. చరిత్ర ఎందుకంటే, నేటి నమోదిత హస్కీల వంశాలు చాలామటుకు ఆ కొద్దిపాటి తొలి కుక్కల దగ్గరికే చేరతాయి. పునాది ఇరుకైనప్పుడు దగ్గరి రక్తం కలపడం మరింత ప్రమాదం.

దగ్గరి రక్తాన్ని కొలిచే అంకెను సీఓఐ అంటారు. తోడబుట్టినవాటిని జతకట్టిస్తే పిల్లలకి 25 శాతం, తల్లో తండ్రో ఒకరే అయినవాటికి 12.5 శాతం, పెదనాన్న పిన్ని పిల్లల వరసైతే 6.25 శాతం. అయిదు తరాల పెడిగ్రీలో 62 గళ్ళుంటాయి. అందులో పేర్లు ఎన్నిసార్లు తిరిగొచ్చాయో లెక్కపెట్టడం చాలామంది చేసే పనే, కానీ లెక్క అంత తేలిక కాదు. ఒక కుక్క పేరు తండ్రివైపే రెండుసార్లు వచ్చిందనుకోండి, తండ్రి సీఓఐ పెరుగుతుంది గానీ పిల్లది పెరగదు. పిల్లకి లెక్కలోకొచ్చేది తల్లివైపూ తండ్రివైపూ రెండు పక్కలా కనిపించే పేరే. రెండు పక్కలా తాత ఒకటే అయితే 12.5 శాతం, ముత్తాత ఒకటే అయితే 3.125, ఇంకో తరం వెనక్కి వెళితే 0.78. పెన్సిల్ తీసుకుని రెండు వైపులా ఉన్న పేర్లకి గుండ్రాలు చుట్టండి, పది నిమిషాల పని. అయిదు తరాల లెక్క తక్కువ చూపిస్తుందన్నది మాత్రం మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే ఆరో తరంలో కలిసిన పేర్లు ఆ కాగితం మీద లేవు. డీఎన్‌ఏతో కొలిచే సీఓఐ ఆ లోటును చాలావరకు పూడుస్తుంది.

దీనికి జోడుగా ఉండే చిక్కు ఒకే మగకుక్కను అందరూ వాడటం. ఒక ప్రదర్శనలో గెలిచిన కుక్క దగ్గరికి ఊళ్ళన్నీ కదులుతాయి. దానిలో దాగిన లోపం పదేళ్ళలో జాతంతా పాకుతుంది. ఏ కుక్క సంతానమూ అయిదేళ్ళ కాలంలో ఆ జాతిలో నమోదైన పిల్లల్లో 5 శాతాన్ని మించకూడదని ఎఫ్‌సీఐ సూచన. ఆ మగకుక్క ఎంత అందంగా ఉన్నా, ఇప్పటికే దాని పిల్లలు అన్ని చోట్లా ఉంటే, నేనైతే దాని అన్ననో తమ్ముణ్ణో వెతుకుతాను.

ఇక కళ్ళు. హస్కీ ఆరోగ్యంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది వీటి మీదే.

వంశపారంపర్య కంటిపొర (కేటరాక్ట్, శుక్లం) ముందు. కటకం వెనక అంచు దగ్గర, పొర కింద, తరచు త్రికోణంలా మసక చుక్క పడుతుంది. చాలాసార్లు మొదటి రెండేళ్ళలోపే కనిపిస్తుంది, కొన్నిటిలో ఆలస్యంగా. యజమానికి మామూలు కంటితో కనబడదు. కంటి నిపుణుడైన పశువైద్యుడు కనుపాప విప్పారే చుక్కలు వేసి, ఇరవై ముప్పై నిమిషాలు ఆగి, చీకటి గదిలో స్లిట్ ల్యాంపుతో చూస్తేనే తెలుస్తుంది. హస్కీలో ఈ జబ్బుకి నమ్మదగిన డీఎన్‌ఏ పరీక్ష లేదు. కొన్ని ప్యాకేజీ పరీక్షల్లో కంటిపొర పేరుతో ఒక ఫలితం ఉంటుంది. అది వేరే జాతుల్లో దొరికిన జన్యు మార్పు గురించి. హస్కీకి "క్లియర్" అని వచ్చినా దానికి అర్థం లేదు. కాబట్టి మిగిలిన దారి ఏటేటా కన్ను చూపించడమే. ఓఎఫ్‌ఏ (కుక్కల ఆరోగ్య పరీక్షల ఫలితాలు నమోదు చేసే అమెరికా సంస్థ) కంటి సర్టిఫికెట్ చెల్లేది 12 నెలలు. తేదీ చూడమన్నది ఇందుకే. మూడేళ్ళ కిందటి సర్టిఫికెట్ ఆ రోజున కన్ను బాగుందని మాత్రమే చెబుతుంది, నిన్నటి జతకట్టుకి అది సాక్ష్యం కాదు.

రెండోది రెటీనా క్షీణత, ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చేది. దీనికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది, పైగా ఖచ్చితమైనది. రేచీకటితో మొదలై చూపు క్రమంగా పోతుంది, దెబ్బ ఎక్కువగా తగిలేది మగకుక్కలకి. వాహకురాలైన తల్లిని, అంటే లోపమున్న జన్యువును మోసేదాన్ని, ఆరోగ్యమైన తండ్రితో కలిపితే, సగటున కొడుకుల్లో సగానికి జబ్బు, కూతుళ్ళలో సగం వాహకాలు. జబ్బున్న తండ్రిని ఆరోగ్యమైన తల్లితో కలిపితే కథ తిరగబడుతుంది: కొడుకులందరూ క్షేమం, కూతుళ్ళందరూ వాహకాలు. మోసపోయేది ఇక్కడే. ఆ ఈతలో ఒక్కదానికీ చూపు పోదు, వంశం బాగుందని అందరూ అనుకుంటారు. ఆ కూతుళ్ళు ఈనినప్పుడు మనవళ్ళకి జబ్బు బయటపడుతుంది. అప్పటికి తాత సంగతి ఎవరికీ గుర్తుండదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పరీక్షలో క్లియర్ అయితే పిల్లలకి విడిగా చేయించనక్కర్లేదు, కానీ తండ్రి అదేనని డీఎన్‌ఏ ప్రొఫైల్‌తో రుజువై ఉండాలి.

కార్నియా డిస్ట్రఫీలో కంటి ముందుభాగాన బూడిదరంగు మసక కనిపిస్తుంది. చూపుకి మామూలుగా పెద్ద ఇబ్బంది ఉండదు, అయినా ఆ కుక్కను బ్రీడింగ్‌కి వాడకపోవడమే మేలు. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) మాత్రం అత్యవసరం: కన్ను ఎర్రబడి, మసకబారి, కనుపాప పెద్దదై, కుక్క తల తాకనివ్వకపోతే మర్నాటి దాకా ఆగొద్దు. ఒక్క రోజులో చూపు పోవచ్చు. కంట్లోని నీరు బయటికి పోయే కోణం పుట్టుకతో ఇరుకుగా ఉందేమో చూసే పరీక్ష గోనియోస్కోపీ. దాన్ని కనుపాప విప్పారే చుక్కలు వెయ్యకముందే చెయ్యాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే రెండూ కావాలని చెప్పండి, లేకపోతే చుక్కలు వేసేశాక ఇంకో రోజు మళ్ళీ రావాల్సొస్తుంది.

నీలికళ్ళకి ఈ జబ్బులతో సంబంధం లేదు. హస్కీల నీలికళ్ళకి 18వ క్రోమోజోములో ఏఎల్ఎక్స్4 జన్యువు దగ్గర ఒక ముక్క రెండుసార్లు రావడం కారణమని 2018లో తేలింది. నీలం, గోధుమ, ఒకటి నీలం ఒకటి గోధుమ అన్నీ ప్రమాణంలో సమానమే. నీలికళ్ళ పిల్లకి ఎక్కువ ధర చెప్పడానికి కారణమే లేదు. మెర్ల్ రంగు (మచ్చలు మచ్చలుగా పలచబడిన రంగు) అలా కాదు. అది హస్కీలో సహజంగా లేని రంగు, ఉందంటే వెనక ఏదో వేరే జాతి కలిసిందని అనుమానించాలి. రెండు మెర్ల్ కుక్కలను కలిపితే సగటున నాలుగింట ఒక పిల్లకి ఆ జన్యువు రెండు వైపులనుంచీ వస్తుంది. అలాంటివాటికి చెవుడు, కంటి లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. "అరుదైన రంగు" అన్న ప్రకటన చూస్తే నాకు ముందు అలాంటి పిల్లలే గుర్తొస్తాయి.

తుంటి కీలు జబ్బు హస్కీల్లో తక్కువే. తక్కువ కదా అని ఎక్స్‌రే మానేస్తే ఆ తక్కువ నిలవదు. ఓఎఫ్‌ఏ తుది గ్రేడ్ 24 నెలలు నిండాకే ఇస్తుంది. పెన్‌హిప్ అనే ఇంకో ఎక్స్‌రే పద్ధతిలో 16 వారాల నుంచే కొలవచ్చు. తల్లికి రెండేళ్ళు నిండకుండానే ఈతైతే "హిప్స్ ఓఎఫ్‌ఏ గుడ్" అన్న మాట తుది ఫలితం అయ్యుండదు, లెక్క కట్టి చూడండి.

చర్మం దగ్గర హస్కీల్లో ఎక్కువగా కనిపించేది జింకు లోపం. తిండిలో జింకు ఉన్నా పేగు దాన్ని సరిగ్గా పీల్చుకోదు. కళ్ళ చుట్టూ, పెదాల దగ్గర, చెవుల మీద గట్టి పెచ్చులు కడతాయి, పాదాల మెత్తలు పగులుతాయి. గజ్జి అనో ఫంగస్ అనో నెలల తరబడి మందులు వాడేస్తుంటారు. చర్మం చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది. ధాన్యాల్లోని ఫైటేట్, అవసరానికి మించిన కాల్షియం జింకును అడ్డుకుంటాయి, అందుకే ఎదిగే పిల్లకి కాల్షియం పొడి పోయడం మంచిది కాదు. జింకు మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు. మోతాదు మించితే వాంతులు, మరీ ఎక్కువైతే రక్తకణాలు చితికిపోవడం దాకా వెళుతుంది. చాలా కుక్కలకి జీవితాంతం మందు కావాలి, వాటిని బ్రీడింగ్ నుంచి తప్పించాలి.

ముక్కు రంగు మారితే రెండు సంగతులు విడదీసి చూడాలి. చలికాలంలో ముక్కు మధ్యలో గులాబీ చార పడటం మామూలే, దాన్ని స్నో నోస్ అంటారు. కానీ ముక్కు, పెదాలు, కంటిరెప్పల అంచులు తెల్లబడుతూ కళ్ళు ఎర్రబడితే అది రోగనిరోధక శక్తి సొంత వర్ణకణాల మీదే తిరగబడటం. ఆలస్యం చేస్తే గుడ్డితనం వస్తుంది. ఆడ కుక్కపిల్ల ఎప్పుడూ వెనక తడిగా ఉంటూ, పడుకున్న చోటల్లా మూత్రం కారుతుంటే శిక్షణ సరిపోలేదని తిట్టొద్దు. మూత్రనాళం మూత్రాశయంలోకి కాక కిందికి తెరుచుకునే పుట్టుక లోపం ఈ జాతిలో ఎక్కువ. స్కానింగ్‌లో తెలుస్తుంది, ఆపరేషన్‌తో చాలావాటికి నయమవుతుంది.

పరీక్షలన్నీ అయ్యాక జతకట్టించడం సంగతి. ప్రతి జతకట్టుకి ముందు రెండు కుక్కలకీ బ్రూసెల్లా కానిస్ అనే బ్యాక్టీరియా పరీక్ష చేయించాలి. చూడి చివరి వారాల్లో పిల్లలు పోవడానికి, మగకుక్క వంధ్యత్వానికి అది కారణం, పైగా మనుషులకీ అంటుతుంది. ఎదకొచ్చిన రోజులు లెక్కపెట్టి జతకట్టిస్తే తరచు గురి తప్పుతుంది. ఎద మొదలైన అయిదారు రోజుల నుంచి రెండు మూడు రోజులకోసారి రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ చూడాలి. అది మిల్లీలీటరుకి 2 నానోగ్రాముల దగ్గర ఉన్నప్పుడు అండాన్ని విడుదల చేయించే ఇంకో హార్మోన్ (ఎల్‌హెచ్) ఉప్పెన, 5 దగ్గర అండం విడుదల. అండం పక్వమవడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది గనక, విడుదలైన రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా సరైన సమయం. అండం విడుదలైన తేదీ తెలిస్తే ఈనే తేదీ దాదాపు కచ్చితంగా ఆ రోజు నుంచి 63 రోజులకి వస్తుంది. తెలియకపోతే జతకట్టిన రోజు నుంచి 58 నుంచి 72 దాకా ఎప్పుడైనా కావచ్చు. ఆ రెండు వారాల అయోమయంలోనే ఆలస్యమైన కాన్పులో పిల్లలు చనిపోతాయి, లేదా తొందరపడిన సిజేరియన్‌లో నెలలు నిండని పిల్లలు పుడతాయి.

55వ రోజు తర్వాత ఎక్స్‌రేతో పిల్లల్ని లెక్కపెట్టించండి, లోపల ఇంకా ఒకటి ఉందా అన్న ప్రశ్నకి అర్ధరాత్రి అదే జవాబు. చివరి వారం రోజుకి రెండు మూడుసార్లు జ్వరం చూస్తే, 37.2 డిగ్రీల కిందికి దిగాక సాధారణంగా ఒక రోజులో నొప్పులు మొదలవుతాయి. గట్టి నొప్పులు అరగంట నడిచి పిల్ల రాకపోయినా, ఒక పిల్ల పుట్టాక ఇంకా పిల్లలుండగా రెండు గంటలు దాటినా, ఒక్క పిల్లా పుట్టకముందే ఆకుపచ్చ స్రావం వచ్చినా ఆస్పత్రికి బయల్దేరాలి. చూడి సమయంలో కాల్షియం ఇవ్వడం పెద్ద పొరపాటు: ఒంటికి సొంత నిల్వలు తీసుకునే అలవాటు తప్పి, పాలిచ్చేటప్పుడు తల్లి వణికి పడిపోతుంది. పుట్టిన పిల్లల్ని రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసు మీద గ్రాముల్లో తూచి రాయండి. మొదటి రోజు కాస్త తగ్గొచ్చు, ఆ తర్వాత ఏ రోజూ తగ్గకూడదు. పది రోజులకల్లా పుట్టిన బరువు రెట్టింపవ్వాలి. బరువు ఆగిపోవడం చాలాసార్లు ఏడుపు కన్నా ముందే ప్రమాదం చెబుతుంది. మొదటి వారం పెట్టెలో వేడి 29 నుంచి 32 డిగ్రీలు ఉండాలి. చల్లబడిన పిల్లకి పాలు పట్టొద్దు, ముందు మెల్లగా వెచ్చబరచాలి, ఎందుకంటే చల్లటి ఒంట్లో పేగు కదలదు. నులిపురుగుల మందు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకి. ఎనిమిది వారాలకి ముందు పిల్లని తల్లినుంచి వేరు చెయ్యొద్దు.

అమ్మాక కూడా బ్రీడర్ పని మిగిలే ఉంటుంది. పెంపుడు కుక్కగా వెళ్ళే పిల్లని లిమిటెడ్ రిజిస్ట్రేషన్ మీద ఇస్తే, దాని పిల్లలకి నమోదు దొరకదు. పరీక్షలన్నీ పాసైతే తర్వాత మార్చుకోవచ్చు. పిల్లలన్నిటికీ ఒకటో ఏట, రెండో ఏట కళ్ళు చూపించమని ఒప్పందంలోనే రాయించి, ఫలితాలు తెప్పించుకునే బ్రీడర్‌ని నేను అందరికంటే ఎక్కువ గౌరవిస్తాను. ఆరు తోబుట్టువుల్లో రెండిటికి కంటిపొర వచ్చిందని తెలిస్తే, మిగతా నాలుగూ పైకి క్లియర్‌గా ఉన్నా జాగ్రత్త పడాలి కదా. ఇక్కడ ఓఎఫ్‌ఏ డేటాబేస్ చదివేవాళ్ళకి ఒక సంగతి. చెడు ఫలితాలు యజమాని ఒప్పుకుంటేనే బయటికి కనిపిస్తాయి. కాబట్టి ఒక కుక్క పేరు కింద కళ్ళ గడి ఖాళీగా ఉంటే పరీక్ష చేయించలేదని అనుకోనక్కర్లేదు. చేయించి దాచి ఉండొచ్చు. చిప్ నంబరు, తేదీలు కలిశాక బ్రీడర్‌ని అడగాల్సింది ఆ ఖాళీ గడి గురించి, తర్వాత ఆ తల్లి అక్కచెల్లెళ్ళ కళ్ళ గురించి.